మిగిలిన సగం చేప

“ఆ సగం ముక్క ఇంకా నీళ్లలోనే ఉందా, లేక దాన్ని కూడా చెత్తకుప్పలో పారేశారా?”

వంటింటి గుమ్మంలో నిలబడి ఎస్మీ ఈ మాట అడిగేసరికి లోపలున్న ముగ్గురూ మాటలు ఆపేశారు. ఆమె చేతిలో తోలు పెట్టె ఉంది. అందులో బట్టలు ఎప్పుడు సర్దుకుందో ఎవరూ చూడలేదు. చూసినా వద్దనేవాళ్లు లేరు.

“గిన్నెలోనే ఉంది పెద్దమ్మా,” అంది షెర్నెట్.

“అయితే ఈ పెట్టె కాసేపు ఇక్కడే ఉంటుంది.” ఎస్మీ దాన్ని గోడవారకు నెట్టి, చేతులు కడుక్కుని, గోడకు వేలాడుతున్న ఏప్రాన్ తీసి కట్టుకుంది. “విషం పెట్టిందన్న పేరు నెత్తిన వేసుకుని నేను ఈ గడప దాటను. ఏ చేప తిని మా తమ్ముడు పడిపోయాడంటున్నారో, ఆ చేపలో మిగతా సగం ఇప్పుడు నేనే వండుతాను. మీ ఎదురుగా కూర్చుని నేనే తింటాను. బస్సు వచ్చేదాకా నన్ను చూస్తూ కూర్చోండి. నాకేమైనా అయితే మీ మాటే నిజం.”

“విషమని నేననలేదు వదినా,” అంది అయోనీ బల్ల దగ్గర నుంచి లేవకుండానే. “పాడైన చేప అన్నాను.”

“ఆ రెండింటికీ తేడా ఏవిటో చెప్పు, విని తరిస్తాను.”

అయోనీకి కోపం వస్తే మొహం ఎర్రబడదు, పెదవులు సన్నబడతాయి. కోడలిగా షెర్నెట్ ఈ ఇంట్లో నేర్చుకున్న మొదటి పాఠం అదే. ఇప్పుడా పెదవులు కనపడటమే లేదు.

“తేడా ఎందుకు లేదు? ఊళ్లో ఆడవాళ్లంతా నెలల తరబడి ఉప్పుచేప మొహం చూడలేదు. అంగడి ముందు క్యూలో నిలబడి కొట్టుకుంటున్నారు. నీకొక్కదానికే అంత ముక్క ఎలా దొరికింది? ఏ గోదాములో ఎన్నాళ్లు మగ్గిందో, ఏ ఎలుక ముట్టిందో, అడిగావా ఆ అంగడివాణ్ని?”

“అడిగాను. పెళ్లికూతురు మంచిదేనన్నాడు.”

షెర్నెట్ భర్త లెన్‌వర్త్‌కు నవ్వు రాబోయి ఆగిపోయింది. ఆ ఏడు సరుకులకు కరువొచ్చినప్పటి నుంచి అంగడివాళ్లు కొత్త విద్య ఒకటి నేర్చారు. జనం ఎగబడే సరుకును ఎవరూ ముట్టని సరుకుతో కలిపి అమ్మేవాళ్లు. దానికి పెళ్లి చెయ్యడమని పేరు. ఎస్మీ తెచ్చిన ఉప్పుచేపకు నేల తుడిచే మాపు కుచ్చు మొగుడై వచ్చింది. శనివారం సాయంత్రం ఆ జంటను చూసి ఇల్లంతా పడిపడి నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వినవాడు ఇప్పుడు పెద్దాసుపత్రిలో పడుకుని ఉన్నాడు.

ఎస్మీ తమ్ముడు ఆల్ఫియస్ చర్చి పనులు చూసే డీకన్. ఆదివారం తలుపులు తెరిచేది ఆయనే గనక అందరికన్నా ముందు తిని వెళ్తాడు. మిగతావాళ్లు ప్రార్థన అయ్యాకే ముద్ద ముట్టుకుంటారు. నిన్న ఆయన రెండోసారి కూడా పెట్టించుకుని, కోడలి చేతిని మెచ్చుకుని మరీ వెళ్లాడు. చర్చి మెట్లు ఎక్కుతూనే వాంతులు మొదలయ్యాయి. ఆసుపత్రికి చేరేసరికి మనిషి మాట్లాడే స్థితిలో లేడు. చక్కెర నీళ్లు ఎక్కించాక కళ్లు తెరిచాడు. గండం గడిచిందన్నారు, చూసి రేపు పంపిస్తామన్నారు.

డాక్టరు మొదట అడిగింది చేపతో కలిపి వండిన ఆకీ గురించే. జమైకాలో ఏ డాక్టరైనా ముందు అదే అడుగుతాడు. ఆకీ కాయ చెట్టు మీదే ఎర్రబడి, తనంతట తాను నోరు తెరవాలి. తెరిచాక లోపలి పసుపుపచ్చ కండ తింటే అమృతం, తెరవకముందు తింటే విషం. నడక రాని పిల్లలకు కూడా ఇక్కడ ఈ సంగతి నూరిపోస్తారు.

“అన్నీ నోరు తెరిచినవే డాక్టరుగారూ,” అని చెప్పింది షెర్నెట్.

అది అబద్ధం.

శనివారం పెరట్లో చూస్తే చెట్టు మీద నోరు తెరిచిన కాయలు పిడికెడు కూడా లేవు. ఇన్నాళ్లకు చేప దొరికింది. పెళ్లయి వచ్చాక మొదటిసారి ఆదివారం పొయ్యి తన చేతికి వచ్చింది. అది కూడా అయోనీ ఇష్టపడి ఇచ్చింది కాదు. “కింగ్‌స్టన్ పిల్లకు టీ కాచడం తప్ప ఏమొచ్చు?” అని ఆవిడ సాగదీస్తుంటే, ఎస్మీ పోట్లాడి ఇప్పించింది. అంత చేపలో నాలుగు ఆకీలు వేసి పెడితే అత్తగారు ఏమంటుందో షెర్నెట్ చెవులకు ముందే వినపడింది. పైన సన్నటి గీత పడిన కాయలు కొన్ని ఉన్నాయి. రేపో ఎల్లుండో ఎలాగూ తెరుచుకునేవే కదా అనుకుంది. గీతలో కత్తి మొన దూర్చింది.

తెలియక చేశాననడానికి కూడా ఆమెకు వీల్లేదు. కత్తి దూర్చేటప్పుడు చుట్టూ చూసింది. తప్పని తెలియనివాళ్లు చుట్టూ చూడరు.

*

ఎస్మీ నానిన ముక్కను నీళ్లలోంచి తీసి వెలుతురుకు పట్టి చూసింది. శనివారం కర్రముక్కలా ఉన్న చేప ఇప్పుడు తెల్లగా, బొద్దుగా ఉబ్బింది. వాసన చూసి, ఆ ముక్కను అలాగే తీసుకెళ్లి అయోనీ ముక్కు ముందు పెట్టింది.

“చూడు. పాడైన చేపకు ఎముక దగ్గర ఎర్ర జీర వస్తుంది, వేలికి జిగురంటుతుంది. ఏదీ?”

“నాకు వాసనలు చూపించకు వదినా. నేను నిన్నంతా ఆయన పక్క గుడ్డలు ఉతికాను. ఆ వాసన ఇంకా పోలేదు.”

ఎస్మీ ముక్కను వెనక్కి తీసుకుంది. కళ్లు ఏప్రాన్‌తో తుడుచుకుని పొయ్యి దగ్గరకు వచ్చింది.

గిన్నెలో చల్లటి నీళ్లు పోసి చేపను వేసింది. పొంగు రాగానే ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కొత్త నీళ్లు పోసింది. రెండో పొంగుకు ఒక పొర చిదిమి నోట్లో వేసుకుని, పక్కనే ఉన్న షెర్నెట్ నోటికి కూడా ఒకటి అందించింది.

“ఎలా ఉంది?”

“కొంచెం ఉప్పుంది పెద్దమ్మా.”

“ఉండాలి. ఉన్నదంతా తీసేస్తే అది చేప కాదు, దూది. ఎక్కడ ఆపాలో తెలిస్తే వంట వచ్చినట్టే.” గిన్నె దింపి, చన్నీళ్లు చల్లి, తోలు ఒలిచి, వేళ్లతో పొరలు పొరలుగా విడదీస్తూ ముళ్లు ఏరడం మొదలుపెట్టింది. “నువ్వు అటుపక్కది తీసుకో. ముళ్లు వదిలేస్తున్నావేం?”

“ఏం లేదు.”

“నేను వెళ్లిపోతాననేనా? పిచ్చిదానా. ఫ్రాంక్‌ఫీల్డ్‌లో మా పినతండ్రి కూతురు ఉంది. దానికి చెవుడు. నాకు వాగుడు. ఇద్దరికీ బాగా కుదురుతుంది.”

షెర్నెట్ నవ్వలేకపోయింది. అత్తగారు గడపలో నిలబడి ఎగాదిగా చూసిన రోజున “లోపలికి రా పిల్లా, కాళ్లు కందిపోతాయి” అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన మనిషి ఈవిడ. భర్త పోయాక తమ్ముడి ఇంట్లో వెనక గదిలో ఉంటూ, లెన్‌వర్త్‌ను ఎత్తుకు పెంచి, ఎవరికీ అడ్డం రాకుండా బతికిన మనిషి. ఆవిడ ఇప్పుడు తను చేసిన పాపానికి పెట్టె సర్దుకుంది. పైగా తననే ఓదారుస్తోంది.

ఇప్పుడు చెప్పాలి, అనుకుంది షెర్నెట్. అవతల బల్ల దగ్గర లెన్‌వర్త్ తలపట్టుకుని కూర్చున్నాడు. చెప్తే అతను మళ్లీ తన చేతి ముద్ద తింటాడా? అత్తగారు ఊరుకుంటుందా? చర్చిలో తన పక్కన ఎవరైనా కూర్చుంటారా?

“పెద్దమ్మా...”

“ఊఁ?”

“ఈ ముల్లు పెద్దది,” అంది షెర్నెట్, తీసి పక్కన పెట్టింది.

*

కొబ్బరినూనెలో ఉల్లిపాయ, ఉల్లికాడలు, థైమ్ రెమ్మ, చీరిన స్కాచ్ బానెట్ మిరపకాయ పడగానే ఇల్లంతా ఘాటు లేచింది. లెన్‌వర్త్ తల ఎత్తాడు. నిన్నటి నుంచి ఆ ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. ఆకలికి దుఃఖం తెలియదు, అవమానం తెలియదు. అతను గుటక మింగడం షెర్నెట్ చూసింది.

“అత్తా,” అన్నాడు లెన్‌వర్త్, “ఇదంతా ఎందుకు? నువ్వు కావాలని చేశావని ఎవరన్నారు? నాన్న తేరుకునేదాకా కొన్నాళ్లు ఫ్రాంక్‌ఫీల్డ్‌లో ఉంటే అమ్మ కూడా కుదుటపడుతుందని నేను...”

“నువ్వన్నది నాకు వినపడిందిరా. నీకు మాటలు నేర్పింది నేనే కదా, అర్థం కూడా అయింది.”

లెన్‌వర్త్ మళ్లీ తల దించుకున్నాడు.

ఎస్మీ చేపను నూనెలో వేసి ఒకసారి కలియబెట్టింది. మిరియాల పొడి చల్లింది. పళ్లెం తీసుకోబోతుంటే అయోనీ గొంతు ఖంగుమంది.

“అదేవిటి? ఆయన ఉత్త చేప తిన్నాడా? ఆకీతో కలిపి తిన్నాడు. వండితే ఆయన తిన్నట్టే వండు. లేకపోతే రేపు ఇంకో సాకు చెప్తావు.”

“ఇప్పుడు ఆకీ ఎక్కణ్నుంచి తేను?”

“ఫ్రిజ్‌లో ఉంది. నిన్నటి కోసం ఒలిచిన దాంట్లో మిగిలింది. షెర్నెట్, తీసుకొచ్చి ఇవ్వు.”

షెర్నెట్ ఫ్రిజ్ వైపు ఒక అడుగు వేసి ఆగింది.

ఫ్రిజ్‌లోని ఆ ఆకీ గిన్నె మీద నిన్నటి నుంచి ఆమె చెయ్యి పడుతూనే ఉంది, వెనక్కి వస్తూనే ఉంది. పారేద్దామంటే పలకరింపులకు వచ్చిన చర్చి వాళ్లతో ఇల్లంతా నిండిపోయింది. పారేస్తే ఎందుకు పారేశావని ఎవరైనా అడుగుతారు. అడిగితే తన మొహం తనను పట్టిచ్చేస్తుంది. అలా ఆ గిన్నె అక్కడే ఉండిపోయింది.

“వాడిపోయి ఉంటుంది అత్తయ్యా. ఎందుకులెండి.”

“వాడదు. చల్లగా ఉంది. తీసుకురా.”

“తే పిల్లా,” అంది ఎస్మీ కూడా. ఆమె గొంతులో పంతం వచ్చేసింది. “తమ్ముడు తిన్నట్టే తింటాను. ఆకీ ఏం చేస్తుంది నన్ను? నీ చేత్తో ఏరిందే కదా.”

ఆ నమ్మకాన్ని మొయ్యడం షెర్నెట్ వల్ల కాలేదు. ఫ్రిజ్ తలుపు తీసింది. గిన్నె చల్లగా చేతికి తగిలింది. ఫ్రిజ్‌కూ పొయ్యికీ మధ్య దూరం ఎంతో లేదు. ఎస్మీ అప్పటికే ఉప్పునీళ్లు పొయ్యి మీద పెట్టి, గిన్నె కోసం చెయ్యి చాచింది.

షెర్నెట్ గిన్నె వదిలేసింది.

జారలేదు. కావాలనే వదిలేసింది. గాజు గిన్నె భళ్లుమని పగిలింది. పసుపుపచ్చ ఆకీ కండలు గాజు పెంకులతో కలిసి నేలంతా దొర్లాయి.

ఒక్క క్షణం ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టయింది. ఎవరూ తినరు. ఎవరికీ తెలియదు. అయిపోయింది.

“ఓహో!” అయోనీ లేచి నిలబడింది. “బాగుంది! సరిగ్గా ఇప్పుడే జారిందా? ఇద్దరూ కూడబలుక్కున్నారా? వదినగారు తినక్కర్లేకుండా కోడలు పిల్ల కాపాడిందన్నమాట!”

“లేదు అత్తయ్యా, చెయ్యి తడిగా ఉండి...”

“అమ్మా, ఊరుకో,” అన్నాడు లెన్‌వర్త్.

“నేనెందుకు ఊరుకోవాలి? తింటాను తింటానని ఇందాకటి నుంచి ఒకటే గొప్పలు. తీరా తినే వేళకు గిన్నె పగిలింది. దేవుడు చూడడనుకున్నారా?”

షెర్నెట్‌కు అప్పుడు అర్థమైంది, తను ఎస్మీ ప్రాణాన్ని కాపాడబోయి పరువును పూర్తిగా ముంచేసిందని.

“ఏం కాలేదు,” అంది ఎస్మీ నెమ్మదిగా. “ఆకీ పోతే పోయింది, చేప ఉంది కదా. దాని మీదే కదా నీ అనుమానం? కాల్చిన బ్రెడ్‌ఫ్రూట్ కాయ ముక్కతో చేపే తింటాను. పిల్లా, నువ్వు కదలకు, కాలికి గాజు గుచ్చుకుంటుంది.”

ఆమె వంగింది. మోకాళ్లు నొప్పి పుట్టి మూలిగింది. గాజు పెంకులు ఒక పక్కకు చేర్చి, ఆకీ కండలు ఒక్కొక్కటే ఏరి ఏప్రాన్ అంచులో వేసుకుంటోంది. సగం ఏరాక చెయ్యి ఆగిపోయింది.

పండిన ఆకీ మెత్తగా, లావుగా ఉంటుంది. లోపలి ఎర్ర పీచు లాగగానే ఊడి వస్తుంది. ఎస్మీ చేతిలో ఉన్నది చిన్నగా, గట్టిగా ఉంది. మడతలో ఎర్ర పీచు అంటుకునే ఉంది. దాన్ని కత్తితో గీకిన గాట్లు కూడా ఉన్నాయి.

ఆమె ఇంకొకటి తీసి చూసింది. ఆ తర్వాత కింద కూర్చునే తల ఎత్తి షెర్నెట్ వైపు చూసింది.

షెర్నెట్ చూపు తిప్పుకోలేకపోయింది. తిట్టే చూపైతే తట్టుకునేది. ఎస్మీ కళ్లలో తిట్టు లేదు. చంటిపిల్ల నిప్పులో చెయ్యి పెట్టిందని ఆలస్యంగా చూసుకున్న తల్లి భయం ఉంది.

ఎస్మీ ఏప్రాన్ అంచును గబుక్కున ముడివేసి లేచింది.

*

పళ్లెం బల్ల మీదికి వచ్చింది. చేప ఆవిర్లు కక్కుతోంది. పక్కన కాల్చిన బ్రెడ్‌ఫ్రూట్ ముక్కలు. అయోనీ, లెన్‌వర్త్ అటూ ఇటూ కూర్చున్నారు. షెర్నెట్ పొయ్యి దగ్గరే నిలబడిపోయింది.

ఇప్పుడు ఎస్మీ తింటుంది. ఆమెకు ఏమీ కాదు. చేప మంచిదని తేలిపోతుంది. చేప కాకపోతే మరేవిటని ఎవరో ఒకరు అడుగుతారు. షెర్నెట్‌కు పారిపోవాలనిపించింది. అదే సమయంలో, ఆ ప్రశ్న ఎవరైనా అడిగేస్తే బాగుండుననీ అనిపించింది.

ఎస్మీ ఫోర్కు తీసుకుంది. చేపను గుచ్చింది. నోటిదాకా తెచ్చింది. అక్కడ ఆపింది.

తర్వాత దాన్ని పళ్లెంలో పెట్టేసింది.

“నా వల్ల కాదు,” అంది. “వాసన వస్తోంది.”

లెన్‌వర్త్ కుర్చీ ముందుకు జరిపాడు.

“అయోనీ అన్నదే నిజం. చేపలో ఏదో ఉంది. నేనే చూసుకోలేదు. ముసలిదాన్నయ్యాను, ముక్కు కూడా పోయింది.” ఆమె ఎవరి వైపూ చూడకుండా పళ్లేన్ని అవతలికి నెట్టింది. “లెన్, ఆ పెట్టె పట్టుకో నాయనా. బస్సు టైమవుతోంది.”

గెలిచిన అయోనీ మొహంలో గెలుపు కనపడలేదు. “నాకు తెలుసు వదినా,” అని మొదలుపెట్టి, మాట తడబడి, చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. ఆమెకు కావలసింది కూడా ఇది కాదేమో. తన మొగుణ్ణి ఎవరు పడగొట్టారో తెలిస్తే భయం తగ్గుతుందనుకుంది, తగ్గలేదు. లెన్‌వర్త్ లేచి పెట్టె ఎత్తాడు.

షెర్నెట్‌కు దారి దొరికింది. ఊరికే నిలబడితే చాలు. ఇంతకన్నా సులువైన పని లోకంలో లేదు. పెద్దావిడ తనంతట తానే అన్నీ నెత్తిన వేసుకుంది, అడక్కుండానే. బస్సు వస్తుంది, వెళ్తుంది, వెనక గది ఖాళీ అవుతుంది. రేపు మావయ్య ఇంటికి వచ్చి అక్కయ్య ఏదని అడిగితే వీళ్లే జవాబు చెప్పుకుంటారు.

ఆ ఆలోచన తనదేనని తెలిసి ఆమెకు తన మీద తనకే కంపరం పుట్టింది.

వచ్చి కుర్చీ లాక్కుని ఎస్మీ పక్కన కూర్చుంది. పళ్లెం తన ముందుకు జరుపుకుంది. చేత్తోనే చేప తీసి నోట్లో పెట్టుకుంది.

“ఏయ్! ఏం చేస్తున్నావ్!” లెన్‌వర్త్ పెట్టె వదిలేసి వచ్చాడు. “ఉమ్మెయ్! ముందు ఉమ్మెయ్!”

ఆమె పళ్లేన్ని చెయ్యి అడ్డంపెట్టి కాచుకుంది. ఇంకో ముద్ద పెట్టుకుంది. ఎస్మీ ఆమె మణికట్టు పట్టుకుంది. “వద్దు పిల్లా,” అంది, ఇద్దరికే వినపడేలా. అది చేప గురించి కాదు.

“చేప బాగుంది,” అంది షెర్నెట్. కళ్లలోంచి నీళ్లు కారి ముద్దలో పడుతున్నాయి. “ఉప్పు సరిగ్గా ఉంది. ఇవాళా బాగుంది, నిన్నా బాగుంది. పెద్దమ్మ తెచ్చినదాంట్లో ఏ దోషమూ లేదు.”

“మరి నాన్నకు...”

“కాయలు నోరు తెరవలేదు లెన్. నేను తెరిచాను. కత్తితో.”

ఎస్మీ ఆమె చెయ్యి వదల్లేదు. లెన్‌వర్త్ అక్కడే నిలబడిపోయాడు. డాక్టరు ముందు తను ఎవరి మాట మీద తల ఊపాడో అతనికి గుర్తొస్తున్నట్టుంది.

అయోనీ చేతుల్లోంచి మొహం తీసింది. ఏడుపు ఎప్పుడు ఆగిందో తెలియదు. కోడలి వైపు తిరిగింది. అరుస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె అరవలేదు.

“నిన్న రాత్రి ఆసుపత్రి వరండాలో నా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నావు,” అంది. “నా చెయ్యి పట్టుకుని తెల్లారేదాకా ప్రార్థన చేశావు. ఈ పిల్లను నేను సరిగ్గా చూసుకోలేదే అని నాకు సిగ్గేసింది. ఒక్క మాట చెప్పు. అప్పుడు దేవుణ్ణి నువ్వు ఏమడిగావు?”

షెర్నెట్ రెండు అడిగింది. మావయ్య బతకాలని అడిగింది. ఈ సంగతి ఎవరికీ తెలియకూడదని అడిగింది. ఆ రెండింట్లో ఏది ముందు అడిగిందో ఆమెకు బాగా గుర్తుంది.